మేకులు కూడా పోయాయి

"తాళం పగల్లేదు. ముందు ఆ మాట బుర్రలో పెట్టుకోండి మేడమ్," అన్నాడు కల్నల్.

ఆయన ఏ సైన్యంలోనూ పని చేయలేదు. తాళాల కంపెనీకి భద్రతాధికారి. మీసం వల్ల ఆ పేరొచ్చింది. నడుముకి ఒక ఉక్కు గొలుసు, గొలుసు చివర తాళంచెవుల గుత్తి. నిద్రలో కూడా అది తీయడని కంపెనీలో చెప్పుకుంటారు.

ఆరాలక్క తలుపు ముందు వంగి తాళం చూస్తోంది. ఆమెకు ఒక పేరు ఉండే ఉంటుంది గానీ, ఆరాలు తీయడమే వృత్తి కాబట్టి పోలీసుల దగ్గర్నుంచి దొంగల దాకా అందరికీ ఆరాలక్కే. ఇరవై ఏళ్ళుగా ఆమె చూసిన తాళాల్లో సగం విరిగినవి, మిగతా సగం విరగడానికి సిద్ధంగా ఉన్నవి. ఇది మాత్రం అలాంటిది కాదు. ఇత్తడి రేకు అంచులు వేలికి తగలనంత నున్నగా ఉన్నాయి. తాళంచెవి తిప్పితే వెన్నలో కత్తి దిగినంత మెత్తగా తిరిగింది. ఎవరు చేశారోగానీ చేతులకు దణ్ణం పెట్టాలి అనుకుంది.

"భలే తాళం," అంది పైకే.

"నేను పట్టుబట్టి చేయించాను. రెండు తిప్పులు తిప్పామంటే లోపల్నుంచి దేవుడు కూడా తీయలేడు. ఎవడైనా దొంగ హాల్లో దాక్కున్నా తెల్లారేదాకా అందులోనే చావాలి."

పక్కనే నిలబడిన పెద్దాయన ఆ మాటకి తల వంచుకుని, మీసాల చాటున నవ్వుకున్నట్టు కనిపించింది. తాళాల కంపెనీ మొదలుపెట్టింది ఆయనే. ఇప్పుడు వ్యాపారం అల్లుడి చేతుల్లో ఉన్నా, కొత్త తాళం ఏదైనా ముందు ఆయన చేతుల్లోనే పుట్టాలి. ఆరాలక్కకి ఫోన్ చేసి పిలిపించింది కూడా ఆయనే. అది కల్నల్‌కి గొంతులో ముల్లులా ఉంది.

జరిగింది ఇది. ఆ ఊళ్ళో ఎవరూ పట్టించుకోని ఒక పెద్దావిడ చిత్రకారిణికి జీవితంలో మొదటిసారి ఇంత పెద్ద ప్రదర్శన. హాలు అద్దె, దీపాలు, ఆహ్వానాలు, ఆఖరికి గోడల రంగు దాకా ఖర్చంతా తాళాల కంపెనీదే. ఇవాళ సాయంత్రం ప్రారంభం. నిన్న సాయంత్రం బొమ్మలన్నీ గోడలకెక్కాయి, తలుపుకి కంపెనీ కొత్త తాళం పడింది. పొద్దున తీసి చూస్తే ఎదురుగోడ మీద 'తలుపు' అనే బొమ్మ లేదు. ఫ్రేము ఉంది, ఫ్రేములో చెక్క చట్రం ఉంది, కాన్వాసు మాత్రం మాయం.

తాళాల కంపెనీ ప్రదర్శనలో, తాళాల కంపెనీ తాళం వేసిన గదిలో దొంగతనం! ఈ సంగతి బయటికి పొక్కితే వాళ్ళ తాళం ఇంకెవరు కొంటారు?

"ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది ఏముంది?" అన్నాడు కల్నల్. "తాళం పగల్లేదంటే తాళంచెవి ఉన్నవాడే దొంగ. ఒకటి నా నడుముకుంది. రెండోది ఆవిడ మేనల్లుడి దగ్గరుంది. బొమ్మలు తగిలించింది వాడే. స్టోరు రూములో కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి తీసుకెళ్తారు. కేసు అయిపోయింది."

"బొమ్మ దొరకలేదుగా?"

"దొంగ దొరికాడుగా! అయినా ఆ బొమ్మ పోతేనేం మేడమ్? వద్దని మొదట్లోనే చెప్పాను. లోపల గడియ పెట్టుకుని కూర్చున్న పిల్ల గోలంతా తాళాల ప్రదర్శనలో ఎందుకు? ఎవరు వింటారు నా మాట!"

ఆరాలక్క అతని వంక ఒక క్షణం ఎక్కువే చూసింది. సొమ్ము పోయిన చోట అందరూ సొమ్ము గురించి అడుగుతారు. ఈయన దొంగతోనే తృప్తి పడిపోతున్నాడు.

స్టోరు రూములో మేనల్లుడు ఒక డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా. తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా?"

"ఒట్టు అక్కా, ఇవ్వలేదు. రాత్రంతా తలగడ కిందే ఉంది."

"నిన్న ఆఖరున హాల్లో ఎవరున్నారు?"

"నేను, మా అత్త. బొమ్మలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆవిడే దగ్గరుండి చూసుకుంటుంది. నేను మధ్యలో భోజనానికి ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతికున్న దుమ్ము దులుపుకుంటూ. ఆలస్యమైందని గోడల వైపు చూడకుండానే దీపాలార్పి తాళం వేశాను. బయట గార్డు మా ఇద్దరి సంచులూ తీసి చూశాడు. అత్త సంచిలో కళ్ళజోడు, సుత్తి, పట్టకారు ఉన్నాయి, అంతే."

"ఈ బొమ్మ పోతే ఎవరికి లాభం?"

"ఎవరికీ లాభం లేదక్కా. అత్త దాన్ని ఎప్పుడూ అమ్మకానికి పెట్టలేదు. ఇన్నేళ్ళలో నాకే ఒకటి రెండుసార్లు చూపించింది." అతను గొంతు తగ్గించాడు. "నష్టమైతే కంపెనీకే. ఒప్పందంలో ఉంది, ప్రారంభమయ్యేటప్పుడు గోడ మీద ఏ బొమ్మ ఉంటే దాన్ని వాళ్ళ ప్రకటనల్లో వేసుకోవచ్చని. నిన్న అల్లుడుగారు వచ్చి ఆ బొమ్మ చూసి ఎగిరి గంతేశారు. ఊరంతా హోర్డింగులు పెట్టిస్తానన్నారు."

"మీ అత్త ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆవిడ మామూలుగానే ఎక్కువ మాట్లాడదు." అతను మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. "నన్నిక్కడ పెట్టారని ఆవిడకి చెప్పకండక్కా. గుండె ఆగిపోతుంది. నేనంటే ప్రాణం."

ఆరాలక్క హాల్లోకి తిరిగొచ్చింది. కల్నల్ తోకలా వెంటే ఉన్నాడు. ఎదురుగోడ మీద ఖాళీ ఫ్రేము నోరు తెరుచుకుని ఉంది. ఆమె దాన్ని దింపించి నేల మీద బోర్లా పెట్టించింది. చెక్క చట్రం అంచుల మీద వేలు పెట్టి నెమ్మదిగా నడిపింది.

"బ్లేడుతో కోసేసి చుట్టచుట్టి పట్టుకుపోయుంటాడు," అన్నాడు కల్నల్.

"కోస్తే అంచుల వెంట గుడ్డ పీలికలు మిగలాలి. ఒక్క పీలిక చూపించండి."

అతను వంగి చట్రమంతా తడిమి చూసి లేచాడు.

"మేకులు ఒక్కొక్కటీ పట్టకారుతో పీకారు. చెక్క ఎక్కడా చిట్లలేదు. దొంగకి ఇంత ఓపిక ఉంటుందా? ఇది పసిపిల్ల కాల్లో ముల్లు తీసినంత జాగ్రత్తగా తీసిన పని." ఆమె గొంతులో మెచ్చుకోలు దాచినా దాగలేదు. "పైగా చుట్టచుట్టడమంటున్నారు. పాత నూనెరంగుల బొమ్మ, రంగు అట్టకట్టి ఉంటుంది. చుడితే పెళుసెక్కి పొడి రాలుతుంది. నేల మీద నలుసు కూడా లేదు. చుట్టకుండా బల్లపరుపుగా తీసుకెళ్ళాలంటే గార్డు కళ్ళుమూసుకుని ఉండాలి."

"అంటే?"

"అంటే బొమ్మ హాలు దాటలేదు."

"అబ్బో!" కల్నల్ నవ్వాడు. "గోడలు మింగేశాయా? హాలంతా నేను వెతికించాను. మీ డిటెక్టివు కబుర్లు కట్టిపెట్టండి మేడమ్. మీకు పెద్దాయన ఫీజు ఇస్తున్నారని కథలు అల్లకండి."

"మీరు వెతికించలేదు. మీరు తలుపు చూశారు. తాళాల వాళ్ళు కదా, పొద్దున్నుంచీ మీ వాళ్ళంతా ఆ ఒక్క తలుపు చుట్టూనే తిరుగుతున్నారు. గోడల వైపు ఒక్కడు తిరిగితే ఒట్టు." ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. "ఇంకో సంగతి. కాన్వాసు పోయింది సరే, మేకులేవీ?"

"ఏమిటీ?"

"పీకిన మేకులు. తుప్పు పట్టిన పాత మేకులు. నేల మీద లేవు, మూలల్లో లేవు. వాటిని ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడు? దాచిన మనిషికి మేకులతో పని పడింది, అందుకే అవి కూడా పోయాయి."

కల్నల్‌కి చిర్రెత్తింది. "పోలీసులు దారిలో ఉన్నారు. మీకు ఇష్టమైనంతసేపు మేకులు ఏరుకోండి," అని విసురుగా బయటికి వెళ్ళిపోయాడు.

ఆరాలక్క ఒంటరిగా మిగిలింది. అప్పుడు నిజంగా చూసింది హాలుని, అందులోని బొమ్మలని. ఆవిడ గీసినవన్నీ వస్తువులే. ఒక చేట. ఒక ఇస్త్రీపెట్టె. తీగ మీద ఆరేసిన లంగా. ఎవరింట్లోనైనా ఉండేవే, కానీ చూస్తుంటే ఇప్పుడే ఎవరో వాటిని వదిలి పక్కగదిలోకి వెళ్ళినట్టుంది. ఇలాంటి మనిషిని ఇన్నేళ్ళు ఎవరూ చూడలేదు కదా! ఏదో తాళాలమ్ముకునే కంపెనీకైనా బుద్ధి పుట్టింది, అంతవరకు వాళ్ళని మెచ్చుకోవాలి అనుకుంది.

ప్రతి బొమ్మనీ గోడకి చెంప ఆనించి పక్కనుంచి చూసుకుంటూ వెళ్ళింది. పాత బొమ్మలకి పాత మేకులు. కొత్త బొమ్మలకి కొత్త మేకులు. చివరికి గుమ్మం పక్కన ఆగింది. అక్కడున్నది పెద్దాయన ముఖచిత్రం. అల్లుడుగారి కోరిక మీద స్పాన్సర్ల వాటాగా ఆవిడే గీసిచ్చింది. రంగు వాసన కూడా పోని సరికొత్త బొమ్మ.

దాని వెనక అంచున వరసగా తుప్పు మేకులు.

ఆరాలక్కకి నవ్వొచ్చింది. ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్ళు అన్ని బొమ్మలూ చూస్తారు గానీ స్పాన్సరు బొమ్మని ఎవరు చూస్తారు? ఎంత తెలివి తల్లీ నీది అనుకుంది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. గార్డుని పంపి చిత్రకారిణిని పిలిపించింది.

ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, గోళ్ళ సందుల్లో రంగు. కళ్ళలో మాత్రం బెదురు లేదు.

"బొమ్మ దొరికిందా?" అంది.

"దొరికిందమ్మా. మీరు ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది."

ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"చాలా అందంగా తీశారు మేకులు. నా వృత్తిలో అంత చక్కటి పని నేను చూడలేదు. కానీ ఒక చిక్కొచ్చింది. మీ మేనల్లుడిని దొంగ అని స్టోరు రూములో పెట్టారు. పోలీసులు వస్తున్నారు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "వాడినా? అయ్యో, వాడికేం తెలుసు? పద, పద, నేనే చెప్తాను." లేవబోయి మళ్ళీ కూలబడింది. "చెప్తే బొమ్మ గోడకెక్కుతుంది. గోడకెక్కితే ప్రకటనవుతుంది. దేవుడా, ఏం చేయను?"

"ఆ బొమ్మ ప్రకటనైతే ఏమవుతుందమ్మా?"

ఆవిడ గోళ్ళ సందుల్లోని రంగు గీక్కుంటూ చెప్పింది.

"నా కూతురు కాలేజీ హాస్టల్లో చదివేది. అక్కడ నిప్పంటుకుంది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. దాని గది తలుపు ఊడదీసి గోడకి ఆనించి పెట్టారు. కాలి బొగ్గయిపోయింది, తాళం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజు నేను పిల్లని సరిగ్గా చూడలేకపోయాను, ఆ తలుపునే చూశాను. అదే గీశాను. ఈ కంపెనీవాళ్ళు వచ్చి ప్రదర్శన పెడతామంటే ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా? ఆ తాళం వీళ్ళదే. చేసినవాళ్ళు ఒక్కసారి దాని ముందు నిలబడి చూడాలనుకున్నాను. నిన్న అల్లుడుగారు నిలబడి చూశాడు. చూసి ఏమన్నాడు? 'తలుపు కాలినా మా తాళం కాలదు' అని కింద రాయిస్తే బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు."

ఆరాలక్క ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మరి పెద్దాయనతో చెప్పలేదా? మీ ముందు అన్ని రోజులు కూర్చున్నారుగా బొమ్మ కోసం."

"ఆయన తాళాల గురించి కన్నపిల్లల గురించి చెప్పినట్టు చెప్తుంటే, మీ తాళం వెనకే నా కూతురు పోయిందని ఎలా అననమ్మా? మంచి మనిషి. బొమ్మ గీస్తే మనిషి తెలిసిపోతాడు."

"అయితే ఆ మంచితనం మీదే భారం వేద్దాం. నన్ను నమ్మండి."

ఆరాలక్క కబురు పంపితే పెద్దాయన ఒక్కరే వచ్చారు. ఆరాలక్క దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆయన ముఖంలో రంగులు మారాయి గానీ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. విన్నాక, తన సొంత ముఖచిత్రాన్ని తనే ఒక పక్క పట్టుకుని దింపించారు, వెనక్కి తిప్పించారు. పట్టకారుతో ఆవిడే మేకులు తీసింది. కాన్వాసు వెలుతురులోకి వచ్చింది.

గోడకి ఆనించిన కాలిన తలుపు. నలుపులో వంద రకాల నలుపులు. మధ్యలో తాళం, దాని పక్కనుంచి పొడుచుకొచ్చిన ఇనప నాలుక. ఆరాలక్క ఒక అడుగు ముందుకేసింది. అంత గొప్ప బొమ్మ ఆమె అంతకు ముందు చూడలేదు.

అప్పుడే పొద్దున కల్నల్ అన్న మాట ఒకటి తట్టింది. బొమ్మంతా మళ్ళీ చూసింది. తలుపు, గోడ, తాళం. అంతే.

"ఇందులో పిల్ల లేదే!" అంది.

"పిల్లనెలా గీస్తాను?" అంది ఆవిడ.

"లోపల గడియ పెట్టుకుందన్న మాట ఎవరెవరికి చెప్పారు?"

ఆవిడ ఉలిక్కిపడింది. "నీకెలా తెలుసు? అది నన్ను కన్నవాళ్ళకి కూడా చెప్పలేదు. హాస్టలు కాపలా చూసే అబ్బాయి నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. 'మీ పిల్లే లోపల గడియ పెట్టుకుందమ్మా, తీయలేకపోయాం. బయటికి చెప్తే పిల్ల మీద మాట పడుతుంది, మనసులోనే పెట్టుకోండి' అన్నాడు. పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ నా కూతురిదే తప్పనుకున్నాను."

పెద్దాయన ఆ మాటలు వింటూనే బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. కళ్ళజోడు సర్దుకుని, ముక్కు కాన్వాసుకి తగిలేంత దగ్గరగా తాళాన్ని చూశారు. వేలితో ఇనప నాలుకని గాల్లో కొలిచారు.

"అమ్మా, ఇది మీరు చూసి గీసిందేనా? ఊహించి గీసింది కాదుగా?"

"ఒక్క గీత కూడా ఊహించలేదు."

"అయితే ఇంతకాలం మీరు ఆ పిల్లకి అన్యాయం చేశారు." ఆయన చూపు తాళం మీదే ఉంది. "ఈ తాళం నేను చేసిందే. లోపల్నుంచి గడియ తిప్పితే నాలుక సగమే బయటికొస్తుంది. ఇది పూర్తిగా వచ్చింది. బయట తాళంచెవి పెట్టి రెండు తిప్పులు తిప్పితే తప్ప ఇంత రాదు. మీ అమ్మాయి గడియ పెట్టుకోలేదు తల్లీ. బయట్నుంచి ఎవరో తాళం వేశారు."

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరాలక్క చటుక్కున తల తిప్పింది. గుమ్మంలో కల్నల్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"కల్నల్ గారూ," అంది నెమ్మదిగా. "ఈ కంపెనీలో చేరకముందు ఎక్కడ పని చేశారు మీరు? ఏదైనా హాస్టల్లోనా?"

అతను నడుముకున్న గుత్తి గుప్పిట పట్టాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ధడాలున తలుపు మూసుకుంది. బయట తాళంచెవి తిరిగిన చప్పుడు, ఒక తిప్పు. మళ్ళీ ఒక తిప్పు.

ఆరాలక్క పరిగెత్తి తలుపు గుంజింది. కదల్లేదు.

"మీరు పక్కకి జరగండమ్మా," అన్నారు పెద్దాయన. ఆయనలో తొందర లేదు. "హాస్టల్లో ఒక పిల్ల నా తాళం వెనక పోయిందని పేపర్లో చదివాను. ఎవరి పిల్లో తెలియలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నా తాళం ఏదీ ఇక లోపలి మనిషిని ఆపకూడదని. ఇతను వచ్చి లోపల్నుంచి తీయరాని తాళం కావాలన్నాడు. సరే అన్నాను. చేసింది మాత్రం నాకు నచ్చినట్టు చేశాను."

తలుపు లోపలి వైపున్న ఇత్తడి రేకుని బొటనవేలితో పక్కకి జరిపారు. దాని కింద గోరంత మీట ఉంది. నొక్కారు. తాళం లోపల ఏదో కదిలి, నాలుక వెనక్కి పోయింది.

"లోపల్నుంచి ఎవరైనా తలుపు గుంజగానే బయట తాళంచెవి ఇరుక్కుపోతుంది. బయటికి రాదు," అంటూ తలుపు లోపలికి లాగారు.

తలుపుతో పాటు కల్నల్ కూడా వచ్చాడు. తాళంచెవి తాళంలో, గుత్తి తాళంచెవికి, గొలుసు నడుముకి. రెండు చేతులతో కొలికి విప్పుకోవడానికి గింజుకుంటున్నాడు. పోలీసులు మెట్లెక్కుతున్న బూట్ల చప్పుడు వినిపిస్తోంది.

చిత్రకారిణి లేచి అతని దగ్గరికి వెళ్ళింది. మీసాన్ని, ముఖాన్ని, బొమ్మ గీసేముందు చూసినట్టు తేరిపార చూసింది. మీసం వెనక ఆనాటి కాపలా అబ్బాయే ఉన్నాడు. ఆవిడ గొంతులో కోపం లేదు.

"ఇప్పుడు చెప్పు బాబూ," అంది. "గడియ ఎవరు పెట్టారు?"